కోడా, పెద్దకూరా: మా గల్లీ పరుగుపందెం

మేడ్చల్ కాలేజీ గ్రౌండులో పరుగెత్తుతూ మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి, గట్టు మీది కానుగ చెట్టు నాకు రెండుగా కనబడింది. కాసేపటికి నాలుగయింది. ఆ తర్వాత నా నోట్లోకి ఎర్రమట్టి వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే నా దోస్తు నా మీదికి వంగి, సీసాలో ఉన్న నీళ్ళన్నీ నా మొహాన ఒంపుతోంది.

"ఏందే, సచ్చినవా?" అంది.

"లేదు."

"మరి లెవ్వు. సార్ జూస్తాండు."

మేమిద్దరం అప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాం. పొద్దున్నే పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్. తర్వాత ఇంటికి వచ్చి పుస్తకాలు. పరుగు నేర్పే సార్ మాజీ సైనికుడు. మా మీద జాలి చూపించడం ఆయన వృత్తిధర్మానికే విరుద్ధం. నేను పడిపోయిన చోటికి వచ్చి నా కనురెప్ప కిందికి లాగి చూశాడు.

"రక్తం లేదు. దవాఖానకు పో. తెల్లగ సున్నం గొట్టినట్టున్నయ్ కండ్లు" అన్నాడు.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేయించింది. ఫలితం చూసి, "హిమోగ్లోబిన్ బాగా తక్కువుంది. మాంసం తింటావా అమ్మా?" అని అడిగింది.

"మాది కోళ్ళ దుకాణం మేడం" అన్నాను.

ఆమెకు నవ్వాగలేదు. నాకు కూడా. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. తర్వాత ఆమె ఓపిగ్గా చెప్పింది. మాంసకృత్తుల మాటకొస్తే కోడీ, పశుమాంసమూ దాదాపు సమానమట. తోలు తీసిన కోడిలో కొవ్వు తక్కువ, అందుకే గుండెకు తేలిక. కానీ రక్తానికి కావలసిన ఇనుము ఎర్రమాంసంలో ఎక్కువ. జింకు, బి పన్నెండు విటమినూ అందులోనే ఎక్కువ. కోడి తినాలనుకుంటే కార్జం తినమంది. ఏది తిన్నా నిమ్మకాయ పిండుకోమంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగొద్దంది. ఇనుము గోలీలు రాసిచ్చింది.

"చాయ్ మానాల్నా మేడం?" అని దీనంగా అడిగాను.

"మానకు. అన్నానికీ చాయ్‌కీ నడుమ రెండు గంటలు ఆగు."

చాయ్ కోసం రెండు గంటలు ఆగడం కన్నా మళ్ళీ ఒకసారి కళ్ళు తిరిగి పడడమే సులువేమో అనిపించింది.

ఇక్కడ మా గల్లీ సంగతి చెప్పాలి. మేడ్చల్ పెద్దరోడ్డు వెనక, ఒక ఆటో వస్తే ఇంకో ఆటో వెనక్కి పోవాల్సినంత సందు అది. అందులో ఇటువైపు మా నాయిన కోళ్ళ దుకాణం. సరిగ్గా దానికి ఎదురుగా నా దోస్తు వాళ్ళ నాయినది పెద్దకూర దుకాణం, అంటే దున్నపోతు మాంసం అమ్మేది. తను అబ్బా అని పిలిచే ఆయన్ని నేను చిన్నప్పటినుంచి చాచా అంటాను, వాళ్ళమ్మను చాచీ అంటాను. మా నాయిన దగ్గరికి ఆదివారాలు కొంపల్లి నుంచి కార్లేసుకుని వస్తారు. కిటికీ అద్దం సగమే దించి "బ్రెస్ట్ పీస్, స్కిన్‌లెస్" అంటారు. చాచా దగ్గరికి బహదూర్‌పల్లి నుంచి, శామీర్‌పేట నుంచి బండ్ల మీద వస్తారు. వాళ్ళలో అన్ని రకాల ఇళ్ళవాళ్ళూ ఉంటారు. కొందరు హెల్మెట్ తీయకుండానే కొనుక్కుని పోతారు.

నాయినా చాచా ప్రాణస్నేహితులు. అంటే పొద్దున దుకాణం తెరిచింది మొదలు షట్టరు దించేదాకా గల్లీకి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఒర్రుకుంటూనే ఉంటారు. చాయ్ మాత్రం ఒకే ఫ్లాస్కులోంచి తాగుతారు.

నేను దవాఖాన నుంచి తిరిగొచ్చేసరికి విషయం నాకంటే ముందే గల్లీకి చేరిపోయింది. నా దోస్తు నోట్లో నువ్వుగింజ కూడా నానదు.

"అన్నా!" అని చాచా కత్తి పక్కన పెట్టి కేక వేశాడు. "కోళ్ళ దుకాణం బిడ్డకు ఖూన్ తక్కువైందంట గదా! క్యా బాత్ హై!"

మా నాయిన చేతిలో కోడి ఉంది. ఆ కోడి కూడా ఒక క్షణం అరవడం ఆపింది.

"నా బిడ్డకేం తక్కువ భాయ్? ఎండకు కండ్లు తిరిగినయ్."

"పొద్దుగాల ఆరింటికి ఎండెక్కడిది అన్నా?"

గల్లీలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాయిన మొహం ఎర్రబడింది. ఆ క్షణంలో ఆయనకు రక్తం ఏమాత్రం తక్కువ లేదని అందరికీ తెలిసింది.

"నా కోడిల ప్రోటీన్ ఉంటది భాయ్! జిమ్ముకు పొయ్యే పోరగాండ్లు నా దుకాణం ముందట లైను గడ్తరు. నీ దుకాణం ముందట ఒక్కడన్న కండలు జూపెట్టిండా?"

"ప్రోటీన్ నా దాంట్ల లేదా? బరాబర్ ఉంటది! పైనించి ఇనుము! ఏమన్నదో నీ బిడ్డనడుగు డాక్టరమ్మ."

నాయిన నా వైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను.

"కొవ్వు గూడ ఉంటది నీ దాంట్ల!" అన్నాడు నాయిన.

"కొవ్వు లేని ముక్క కోసియ్యనా? ఎంత గావాలె?"

మధ్యలో కిరాణా దుకాణం అత్తమ్మ తల బయటపెట్టి, "నా కందిపప్పుల గూడ ప్రోటీన్ ఉంటదయ్యా" అంది.

"నువ్వాగమ్మా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆ రోజు వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం అదొక్కటే.

మాట మీద మాట పెరిగింది. రెండు నెలల్లో సార్ మాకు ట్రయల్ పరుగు పెడతాడని నా దోస్తు నోరు జారింది. అంతే, పందెం తయారైంది. నాయిన తన బిడ్డకు కోడి పెడతాడు, చాచా తన బిడ్డకు పెద్దకూర పెడతాడు. ఎనిమిది వందల మీటర్లలో ఎవరి బిడ్డ ముందుంటే వాళ్ళ మాంసం గెలిచినట్టు. ఓడినవాడు గెలిచినవాడి మాంసాన్ని తన చేతులతో వండి గల్లీ అందరికీ దావత్ ఇవ్వాలి. పరుగెత్తాల్సిన మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు.

"మనం పోలీసులమైతమా, పందెం కోళ్ళమైతమా?" అంది నా దోస్తు.

"నువ్వు కోడివెందుకైతవే? నువ్వు దున్నపోతువు" అన్నాను. ఆమె నన్ను ఇంటిదాకా తరిమింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను. ఆ రోజు మాత్రం నాకు కళ్ళు తిరగలేదు.

మర్నాటి నుంచి మా ఇంట్లో నా బతుకు మారిపోయింది. నాయిన కొంపల్లి జిమ్ము పిల్లల్ని ఆరా తీసి వచ్చాడు. వాళ్ళు కోడిని ఎట్లా తింటారో కనుక్కున్నాడు. తోలు తీసి, బొక్క తీసి, నూనె లేకుండా నీళ్ళలో ఉడకబెట్టి, ఉప్పు, మిరియాలు చల్లుకుని తింటారట. అమ్మ ఆ ముక్కల్ని చూసి, "గిది కూరనా, జ్వరమొచ్చినోళ్ళకు పెట్టేదా?" అంది. నాయిన వినలేదు. పొద్దున గ్రౌండుకు వెళ్ళేటప్పుడు డబ్బాలో అదే. మధ్యాహ్నం అదే. సాయంత్రం చూస్తే, తెల్లగా, మెత్తగా, రుచీ పచీ లేకుండా మళ్ళీ అదే. మూడు రోజులకు నాకు కలలో కూడా తెల్ల ముక్కలే వచ్చాయి.

నాలుగో రోజో ఐదో రోజో, పరుగు అయ్యాక కానుగ చెట్టు కింద కూర్చుని డబ్బాలు విప్పాం. నా దోస్తు మూత తీసి కళ్ళు మూసుకుంది.

"మొన్న ఖీమా. నిన్న షోర్వా. ఇయ్యాల మల్ల ఖీమా. మా అబ్బా నన్ను పొద్దుగాల పొద్దుగాల గింత తినబెడితే ఎట్ల ఉరకాలె? కడుపుల రాయి పెట్టుకొని ఉరికినట్టున్నది."

నేను నా డబ్బా ముందుకు తోశాను. ఆమె అందులోకి తొంగి చూసింది.

"గిదేంది? సబ్బా?"

"కోడి."

ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. నేను ఆమె మొహంలో అసహ్యం కోసం చూస్తున్నాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"మంచిగున్నదే! తేలికగ ఉన్నది!"

"నీకు పిచ్చా?"

"నీకేం తెలుసు. పుట్టినకాడికెళ్ళి మసాలా తిన్నోళ్ళకు తెలుస్తది దీని విలువ."

ఆమె నా డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. ఆమె డబ్బా నా ముందుంది. నేను అంతకుముందెప్పుడూ పెద్దకూర తినలేదు. మా ఇంట్లో తినరు. తినేవాళ్ళను ఎప్పుడూ ఏమీ అనలేదు, కానీ తినలేదు. చాచీ చేతి ఖీమా వాసన మాత్రం ఇరవై ఏళ్ళుగా గల్లీ దాటి మా వంటింట్లోకి వస్తూనే ఉంది. అల్లం, పుదీనా, కొంచెం మాడిన ఉల్లిగడ్డ. డాక్టరమ్మ మాట ఒక పక్క, ఆ వాసన ఒక పక్క. నిజం చెప్పాలంటే డాక్టరమ్మ మాట అంత బలంగా లేదు.

"తింటవా?" అంది నా దోస్తు. ఆట పట్టించడం మానేసి మామూలుగా అడిగింది. "తినబుద్ధి గాకపోతే తినకు. చపాతీ ఒక్కటే తిను."

నేను చపాతీ ముక్క చింపి ఖీమా తీసుకున్నాను. ఇంత రుచి మాకు ఎదురుగా పది అడుగుల దూరంలో ఇన్నాళ్ళూ ఉందా అని నాకు కోపం వచ్చింది. డబ్బా గీకి గీకి తిన్నాను. అడుగున మిగిలిన నిమ్మకాయ ముక్కను కూడా చప్పరించాను, డాక్టరమ్మ చెప్పింది కదా అని.

ఆ రోజు నుంచి మేం రోజూ డబ్బాలు మార్చుకున్నాం. కోళ్ళ దుకాణం బిడ్డ పెద్దకూర తిన్నది, పెద్దకూర దుకాణం బిడ్డ కోడి తిన్నది. ఇంటికి వెళ్ళేముందు డబ్బాలు కడిగి, మళ్ళీ ఎవరివి వాళ్ళం తీసుకునేవాళ్ళం. ఇద్దరు నాయినలూ ఖాళీ డబ్బాలు చూసి మురిసిపోయేవారు.

"జూసినవా, ఒక్క ముక్క గూడ ఇడ్వలే నా బిడ్డ" అని నాయిన గల్లీ వైపు తిరిగి గట్టిగా అనేవాడు, అవతలికి వినబడాలని.

"నా బిడ్డ డబ్బా గూడ నాకింది!" అని అటు నుంచి జవాబు వచ్చేది.

మేమిద్దరం మా మా ఇళ్ళలో తలగడలో మొహం దాచుకుని నవ్వేవాళ్ళం.

అమ్మ మాత్రం పది రోజుల్లోనే పట్టేసింది. ఒకరోజు నా డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడింది.

"నేనేసింది మిరియాలు. గరం మసాల వాసనెందుకొస్తాంది?"

నాకు అబద్ధం చెప్పే ఓపిక లేదు. చెప్పేశాను. అమ్మ ఆ డబ్బాను తీసుకుని మళ్ళీ తోమింది. నేను ఆమె మొహం చూడలేక గోడ మీది బల్లిని చూస్తున్నాను.

"తిన్నంక మంచిగుంటుందా నీకు?" అని అడిగింది చివరికి.

"మంచిగనే ఉన్నదమ్మా. ఉరికితే ఆయాసమొస్తలేదు."

"అయితే తిను. నా గిన్నెల వండకు, గంతే. మీ నాయినకు ఇప్పుడే జెప్పకు. ఆయన సంబురం ఎందుకు పాడుజెయ్యాలె? పందెమయినంక జెబుదాం." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "గోలీ ఏసుకున్నవా?"

గోలీలు, చాయ్ విషయంలో అమ్మ సార్‌ను మించిపోయింది. అన్నం తిన్నాక నేను ఫ్లాస్కు వైపు నడిస్తే చాలు, గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడేది.

ఆదివారాలు సార్ మమ్మల్ని శామీర్‌పేట చెరువు కట్ట దగ్గరికి తీసుకెళ్ళేవాడు. కట్ట ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. పొద్దున్నే అక్కడికి ఫొటోలు దిగడానికి వచ్చే జంటలు మమ్మల్ని చూసి పక్కకు తప్పుకునేవారు. మొదటి ఆదివారం నేను రెండోసారి ఎక్కేసరికే కూలబడ్డాను. తర్వాతి వారాల్లో కూలబడడం తగ్గింది. ఒకరోజు కట్ట మీద నిలబడి చూస్తే నా ఊపిరి నాకు వినబడలేదు. గాలి వినబడింది. నాకు ఎందుకో అకారణంగా అరవాలనిపించి అరిచాను. నా దోస్తు కూడా అరిచింది. ఫొటో దిగుతున్న ఒకమ్మాయి ఉలిక్కిపడి ఫోను నీళ్ళలో పడేయబోయింది. సార్ మాకిద్దరికీ ఇంకో రెండుసార్లు ఎక్కే శిక్ష వేశాడు. అరుస్తూనే ఎక్కాం.

ట్రయల్ రోజు గ్రౌండుకు సగం గల్లీ వచ్చింది. కిరాణా అత్తమ్మ దుకాణం మూసి వచ్చింది. అమ్మా చాచీ ఒకే దుప్పటి పరుచుకుని, శనగలు తింటూ కూర్చున్నారు. నాయిన ఇస్త్రీ అంగీ వేసుకున్నాడు. చాచా అత్తరు పూసుకున్నాడు. మేం పదిహేను మందిమి దాకా గీత దగ్గర నిలబడ్డాం. మిగతా అమ్మాయిలకు ఈ గోలేమిటో అర్థం కాలేదు.

సార్ విజిల్ ఊదాడు.

మొదటి రౌండంతా నేను నవ్వును ఆపుకోవడానికే సరిపోయింది. ఎందుకంటే ఇటు పక్క నుంచి మా నాయిన "కోడీ! కోడీ!" అని అరుస్తున్నాడు. అటు పక్క నుంచి చాచా పెద్దకూరకు ఉర్దూ మాట పట్టుకుని "బడే! బడే!" అని అరుస్తున్నాడు. నా ముందు పరుగెత్తుతున్న అమ్మాయి వెనక్కి తిరిగి, "అక్కా, కోడి గ్రౌండులకొచ్చిందా?" అని అడిగింది. నా దోస్తుకు అక్కడే పొట్ట పట్టేసింది. పరుగెత్తుతూ నవ్వుతూ, నవ్వుతూ తిట్టుకుంటూ ఇద్దరం పక్కపక్కనే మొదటి రౌండు దాటాం.

రెండో రౌండులో మూడో మలుపు వచ్చింది. నేను పడిన చోటు. అంతసేపూ వచ్చిన నవ్వు అక్కడికి రాగానే ఆగిపోయింది. కానుగ చెట్టు వైపు చూశాను. ఒకటే చెట్టు. ఎంత చూసినా ఒకటే. నా కాళ్ళు నా కిందనే ఉన్నాయి, బలంగా ఉన్నాయి, ఇంకా అడిగితే ఇంకా ఇచ్చేలా ఉన్నాయి. అడిగాను. ముందున్న అమ్మాయిని దాటాను, ఇంకో అమ్మాయిని దాటాను. పక్కన నా దోస్తు ఊపిరి వినబడుతూనే ఉంది. చివరి గీత దగ్గర నా ఛాతీ ఆమె కంటే జానెడు ముందుంది. నేను మొదట, ఆమె రెండు.

మా నాయిన అంగీ గుండీలు ఊడిపోయేట్టు గంతులు వేశాడు. "కోడి గెలిచింది! భాయ్, కోడి గెలిచింది! ఇగ నువ్వు వండు!" అని చాచా భుజాలు పట్టుకుని ఊపేశాడు. చాచా పాపం టోపీ తీసి తల నిమురుకుంటున్నాడు.

నా దోస్తు నేల మీద వెల్లకిలా పడుకుని, ఆకాశం చూస్తూ, ఊపిరి అందకుండానే గట్టిగా అంది:

"అబ్బా, ఏడ్వకు! అది రెండు నెలల నుంచి మన పెద్దకూర దిన్నది! కోడి దిన్నది నేను!"

నాయిన చేతులు చాచా భుజాల మీదనే ఆగిపోయాయి. చాచా ముందు తేరుకున్నాడు. టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంటే... గెలిచింది నేనా?"

"నా బిడ్డ గెలిస్తే నువ్వెట్ల గెలుస్తవ్?" అన్నాడు నాయిన.

"మాంసం ఎవరిది అన్నా? బోలో, మాంసం ఎవరిది?" ఇప్పుడు చాచా గంతులు వేయడం మొదలుపెట్టాడు. పెద్ద పొట్ట, తెల్ల పైజామా, ఎర్రమట్టి. మా సార్ కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

అప్పుడు చాచీ దుప్పటి మీద నుంచి లేవకుండానే, శనగలు నములుతూ మాట విసిరింది.

"గంతులు సాలుగాని, మూడు నెలలకెళ్ళి నువ్వేం దింటున్నవో గది గూడ జెప్పరాదూ?"

చాచా గంతు మధ్యలో ఆగిపోయాడు.

"కొలెస్ట్రాల్ ఎక్కువైందని డాక్టరు పెద్దకూర తగ్గియ్యిమన్నడు. బిడ్డ డబ్బాకే పెద్దకూర, ఈయనకు కోడే ఉడుకుతాంది. తోలు దీసి" అంది చాచీ.

మా నాయిన మొహంలో ఒక వెలుగు రాబోయి, అంతలోనే ఆరిపోయింది. ఆయన చాచా దగ్గరికి నడిచి వెళ్ళాడు.

"కోడి దింటున్నవా? మూడు నెలలా? మరి నా దగ్గర ఎన్నడు కొనలేదు గదా. యాడ కొంటున్నవ్?"

చాచా నేల చూపులు చూశాడు. "బహదూర్‌పల్లిల" అన్నాడు సన్నగా.

"బహదూర్‌పల్లిలనా!" నాయిన అరుపుకు కానుగ చెట్టు మీది గోరింకలు లేచిపోయాయి. "ఎదురుంగ నేనుండంగ బహదూర్‌పల్లిల కొన్నవా! బిడ్డ పెద్దకూర దిన్నదంటే ఊకున్న. గిది మాత్రం ఓర్చుకునుడు నా తోని గాదు భాయ్!"

"నీ దగ్గర కొంటే గల్లీ అంత దెలుస్తది గదా అన్నా! ఇజ్జత్ పోదా!"

అమ్మ అప్పటిదాకా చూస్తూ కూర్చుంది. ఇక లేచి చీర దులుపుకుంది. "మీ ఇద్దరి మాంసం గాదు, ఏం గాదు. ఇనుము గోలీలేసింది నేను. చాయ్ బంద్ జేసింది నేను. గెలిచింది నేను" అంది. కిరాణా అత్తమ్మ చప్పట్లు కొట్టింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు నాయిన బండి వెనక కూర్చున్నాను. దారంతా ఆయన అద్దంలో నన్ను చూస్తూనే బండి నడిపాడు. నాకు కొంచెం భయం వేసింది. రైల్వే గేటు పడింది. ఇంజను ఆపాడు. గూడ్సుబండి పోతూ ఉంటే, ముందుకే చూస్తూ అడిగాడు:

"ఎట్లుంటది?"

"ఏంది నాయినా?"

"గదే. ఎట్లుంటదని అడుగుతున్న."

"కార్జం లెక్క కమ్మగుంటది. కొంచెం గట్టిగుంటది."

"ఊ" అన్నాడు. గూడ్సుబండి పోయింది. "నాకు జెప్తే నేను కొట్టేటోన్నా?"

"కొట్టవు. ఏడుస్తవని."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ముందుకు వంగి చూశాను. నవ్వుతున్నాడు. గేటు లేచినా బండి స్టార్ట్ చేయలేకపోయాడు. వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొట్టాడు.

దావత్ ఎవరివ్వాలన్నది తేలలేదు. పరుగు లెక్కన చాచా ఓడాడు, మాంసం లెక్కన నాయిన ఓడాడు. చివరికి ఇద్దరూ వండారు. చాచా మా దుకాణంలో నిలబడి తోలు తీసిన కోడి వండాడు, బొత్తిగా నూనె తగ్గించి, డాక్టరుకు భయపడుతూ. నాయిన చాచా ఇంటి వెనక దేగిసా ముందు నిలబడి, చాచీ చెప్పినట్టల్లా ఉల్లిగడ్డలు కోస్తూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ పెద్దకూర వండాడు. ఎవరికి ఏది కావాలంటే అది తిన్నారు. రెండూ వద్దనుకున్నవాళ్ళకు కిరాణా అత్తమ్మ పప్పు తెచ్చింది, ఆ పప్పూ అయిపోయింది. నాయిన ఒక చిన్న ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. గల్లీ అంతా ఆయన నోటి వైపే చూసింది.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు.

మర్నాటి నుంచి చాచీ ఇంటికి కోడి మా దుకాణం నుంచే వెళ్ళింది. నాయిన ఒక అట్ట ముక్క మీద "కోడి కార్జంలో ఇనుము ఎక్కువ, డాక్టరును అడగండి" అని రాసి వేలాడదీశాడు. చాచా దాన్ని చదివి ముందు అరిచాడు, తర్వాత నా దోస్తు చేత తన దుకాణానికి కూడా ఒకటి రాయించుకున్నాడు.

అసలు పరీక్ష నాలుగు వారాల తర్వాత, నగరంలో పెద్ద గ్రౌండులో జరిగింది. ఇద్దరు నాయినలూ తెల్లవారుజామునే మాతో బయల్దేరారు. ఇద్దరి చేతుల్లోనూ డబ్బాలు. గేటు దగ్గర మూతలు తీసి చూసి, పరుగుకు ముందు అంత బరువు తినలేమన్నాం. ఇద్దరం చెరో అరటిపండు కొనుక్కుని తిని లోపలికి వెళ్ళాం. బయట వాళ్ళిద్దరూ ఒకరి డబ్బా ఒకరు ఖాళీ చేశారట, తర్వాత చాచా చెప్పాడు. "డాక్టరుకు జెప్పకు బేటా" అని కూడా అన్నాడు.

పరుగులో ఇద్దరం గట్టెక్కాం. రాతపరీక్షలో మాత్రం ఆమె గట్టెక్కింది, నేను కొద్దిలో తప్పాను. ఆ సాయంత్రం ఏడ్చాను. నా పక్కన కూర్చుని నాకంటే గట్టిగా ఆమె ఏడ్చింది. ఎవరికి ఉద్యోగం వచ్చిందో చూసేవాళ్ళకు తెలియనంతగా ఏడ్చింది. దాంతో నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు మళ్ళీ చదువుతున్నాను. పొద్దున్నే పరుగెత్తుతున్నాను.

మొన్న ఆమె ట్రైనింగ్ నుంచి సెలవు మీద వచ్చింది. జుట్టు కత్తిరించుకుని, భుజాలు వెడల్పై, గల్లీలోకి నడిచొస్తుంటే మా నాయిన కత్తి కింద పెట్టి సెల్యూట్ కొట్టాడు. ఆమె కూడా తిరిగి కొట్టింది. తర్వాత నన్ను పక్కకు లాగి చెవిలో అంది:

"రోజూ పప్పే పెడుతుండ్రే. నడువు, గ్రౌండు దాక ఉరుకుదాం. ఓడినోళ్ళు కబాబులు తినిపియ్యాలె."

"నువ్వు బూట్లేసుకున్నవ్, నేను చెప్పులేసుకున్న" అన్నాను.

అప్పటికే ఆమె పరుగెత్తుతోంది. చెప్పులు చేత్తో పట్టుకుని నేనూ వెనక పడ్డాను.